పాలు పితికే చేతికి ఏ సబ్బు?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



పచ్చిమేత గురించి, దాణా గురించి, చూడి పశువుల పోషణ గురించి మిగిలిన మిత్రులు నిన్న, ఈ ఉదయం వివరంగా చెప్పారు. మాకు వచ్చిన విషయం వాటి పక్కన పెడితే చిన్నదిగా కనిపిస్తుంది. అది సబ్బు. సబ్బు గురించి చెప్పడానికి ఏముంది, ఒక గంట కేటాయించారేమిటి అని కొందరు నవ్వుకొని ఉండవచ్చు. కాని ఇటీవల సంఘాలకు వెళ్ళినప్పుడల్లా మాకు ఒక ప్రశ్న ఎదురవుతున్నది. "క్రిములను చంపే సబ్బుతో చేతులు కడుగుతున్నాము, ఆ మందునీళ్ళతోనే పొదుగు కడుగుతున్నాము, బకెట్టు కూడా దానితోనే తొలుస్తున్నాము. ఇక మా పాలకు ఢోకా లేదు గదా?" అని. ఆ అడగడంలో ఎంతో శ్రద్ధ ఉన్నది. శుభ్రత పట్టని వారు ఈ ప్రశ్న అడగరు. శ్రద్ధ ఉన్నవారి డబ్బు, శ్రమ వృథా అవుతున్నాయని, ఒక్కొక్కప్పుడు వారికే నష్టం తెస్తున్నాయని చెప్పవలసి రావడం మాకు కష్టంగానే ఉన్నది.

ఒక సంఘంలో జరిగినది చెబుతాము. ఊరి పేరు అవసరం లేదు. ఉదయం పంపిన క్యాన్లలో ఒకటి శీతలీకరణ కేంద్రం నుంచి తిరిగి వచ్చింది. మూత తీయగానే మందు వాసన వేసిందని అక్కడి వారు చీటీ రాసి పంపారు. కొవ్వు శాతం బాగున్నది, పులుపు లేదు, నీళ్ళు కలవలేదు. అయినా 40 లీటర్ల క్యాను వెనక్కు వచ్చింది. కార్యదర్శి ఆ క్యానులో పాలు పోసిన ఇళ్ళన్నీ తిరిగాడు. ఏ ఇంటా పశువుకు వైద్యం జరగడం లేదు. చివరకు రెండు గేదెలున్న ఒక సోదరి ఇంట్లో సంగతి బయటపడింది. ఆమె పట్నం నుంచి తెప్పించుకున్న క్రిమిసంహారక ద్రవాన్ని నీళ్ళలో కలిపి, బకెట్టును చిట్టచివర దానితో తొలిచి, మళ్ళీ మంచినీళ్ళతో కడగకుండా పాలు పితికింది. మంచినీళ్ళతో కడిగితే మందు పోతుంది గదా అని ఆమె ఆలోచన. ఆ ముందురోజు రాత్రి ఇంట్లో వేసిన తోడు సరిగా తోడుకోలేదని, చలి వల్ల అనుకున్నానని కూడా చెప్పింది.

ఆ నష్టం ఎవరు భరించాలన్న దానిపై సంఘంలో పెద్ద చర్చ జరిగింది. ఆమె పాల పైకంలో కోయాలని కొందరు పట్టుబట్టారు. పాలకవర్గం ఒప్పుకోలేదు. ఊళ్ళో అందరికంటే శుభ్రంగా ఉండే ఇంటిని శిక్షిస్తే రేపు ఎవరు శుభ్రత పాటిస్తారని అధ్యక్షుడు అడిగాడట. నష్టాన్ని సంఘమే భరించింది. ఆ నిర్ణయం సబబైనదని మా అభిప్రాయం. ఆమెకు ఎవరైనా ముందుగా చెప్పి ఉండవలసిన మాటలే ఈ పూట మీకు చెబుతున్నాము.

మొదట మామూలు సబ్బు ఏం చేస్తుందో చూద్దాము. సబ్బు క్రిమిని చంపడం కోసం తయారైనది కాదు, వదలగొట్టడం కోసం తయారైనది. సబ్బు అణువుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, రెండవది నీటిని పట్టుకుంటుంది. మన చేతి మీద చెమట, పేడ, పాలజిడ్డు, వాటిలో దాగిన క్రిములు ఒక పొరగా అంటుకొని ఉంటాయి. ఉత్త నీళ్ళు ఆ పొర మీదుగా జారిపోతాయి. సబ్బు ఆ పొరను లేపి, ముక్కలు చేసి, నీటికి అప్పగిస్తుంది. నీళ్ళు పోయగానే జిడ్డుతోపాటు క్రిములు కూడా కొట్టుకొని పోతాయి. కొన్ని వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటుంది, ఆ పొర సబ్బుకు విచ్చిపోతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు సబ్బుతో చేతులు కడుక్కోమని ఊరూరా చెప్పినది ఇందుకే. అప్పుడు పనిచేసినది సబ్బులోని మందు కాదు, సబ్బే.

ఇక క్రిములను చంపుతాయని చెప్పి అమ్మే సబ్బులు. వీటిలో మామూలు సబ్బుకు అదనంగా ఒక మందు కలుపుతారు. బిళ్ళ సబ్బులలో ఎక్కువగా ట్రైక్లోకార్బన్, ద్రవ సబ్బులలో ఎక్కువగా ట్రైక్లోసాన్ వాడుతూ వచ్చారు. ఇళ్ళలో గాయాలకు, నేల తుడవడానికి వాడే ద్రవాలలో క్లోరోజైలెనాల్, బెంజాల్కోనియం క్లోరైడ్ వంటివి ఉంటాయి. ఈ పేర్లు నోరు తిరగనివే. కాని రేపరు వెనుక చిన్న అక్షరాలతో ముద్రించి ఉంటాయి. సంఘంలో చదువుకున్న పిల్లలు ఎవరైనా చదివి పెట్టగలరు.

ఈ మందు కలిపిన సబ్బు మామూలు సబ్బు కంటే ఎక్కువ మేలు చేస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు ప్రకటనలలో దొరకదు. పరీక్షించి చూసినవారు ఉన్నారు. మనకు దగ్గరి పరిస్థితులలో జరిగిన పరీక్ష కరాచీ నగరంలోని పేటలలో జరిగింది. దాని ఫలితాలు 2005లో వైద్య పత్రికలో వచ్చాయి. 900కు పైగా కుటుంబాలను తీసుకొని, కొన్ని ఇళ్ళకు మామూలు సబ్బు, కొన్ని ఇళ్ళకు 1.2 శాతం ట్రైక్లోకార్బన్ కలిపిన సబ్బు ఇచ్చి, చేతులు ఎప్పుడు కడుక్కోవాలో వారం వారం చెప్పివచ్చారు. మిగిలిన ఇళ్ళను ఉన్నవి ఉన్నట్లు వదిలి గమనించారు. సబ్బు ఇచ్చిన ఇళ్ళలో అయిదేళ్ళ లోపు పిల్లలకు న్యుమోనియా సగానికి తగ్గింది. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు విరేచనాలు కూడా సగానికి తగ్గాయి. చర్మం మీద పుండ్లు మూడవ వంతు తగ్గాయి. ఒక బిళ్ళ సబ్బు చేసిన పని ఇది. అయితే మామూలు సబ్బు ఇచ్చిన ఇళ్ళకు, మందు సబ్బు ఇచ్చిన ఇళ్ళకు మధ్య తేడా ఏమీ కనిపించలేదు. పిల్లలను కాపాడినది చేయి కడుక్కోవడమే గాని లోపల కలిపిన మందు కాదన్నమాట.

దక్షిణ కొరియాలో 2015లో మరొక పరీక్ష జరిగింది. ఇరవై రకాల క్రిముల మీద 0.3 శాతం ట్రైక్లోసాన్ ఉన్న సబ్బును, అది లేని సబ్బును ప్రయోగించారు. మనం చేతులు కడుక్కునే ఇరవై సెకన్లలో రెండూ ఒకటే. ట్రైక్లోసాన్ ఉన్న సబ్బు మెరుగని తేలడానికి తొమ్మిది గంటలు క్రిములను అందులోనే ఉంచవలసి వచ్చింది. తొమ్మిది గంటలు చేతికి సబ్బు పూసుకొని కూర్చునే వారెవరు? గేదె ఊరుకుంటుందా?

ఇటువంటి ఆధారాలన్నీ చూసి అమెరికా ఆహార ఔషధ సంస్థ 2016 సెప్టెంబరులో ఒక నిర్ణయం ప్రకటించింది. ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్‌తో సహా 19 మందులను, ఇళ్ళలో నీళ్ళు పోసి కడుక్కునే సబ్బులలో కలిపి అమ్మరాదన్నది. మామూలు సబ్బు, నీళ్ళ కంటే ఇవి మెరుగని, దీర్ఘకాలం వాడినా హాని లేదని తయారీదారులు నిరూపించలేకపోయారన్నది కారణం. సరుకు మార్చుకోవడానికి ఒక సంవత్సరం గడువిచ్చారు. ఆసుపత్రులలో వాడేవాటికి ఈ నిర్ణయం వర్తించదు. మరి మూడు మందుల మీద నిర్ణయాన్ని అప్పట్లో వాయిదా వేశారు. ఇది వారి దేశపు నిబంధన, మన దుకాణాలకు వర్తించేది కాదు. అయినా ఆ నిబంధన వెనుక ఉన్న కారణాలు ఏ ఊళ్ళోనైనా ఒకటే.

చంపకపోతే పోనీ, ఉండి చేసే కీడేమిటని మీరు అడగవచ్చు. ఇక్కడ కొంచెం నిదానంగా వినవలెనని కోరుతున్నాము.

క్రిమిని చంపే మందులలో రెండు రకాలున్నాయి. వేడినీళ్ళు, బ్లీచింగ్ పౌడరు, అయోడిన్ వంటివి క్రిమి మీద అన్ని వైపుల నుంచి ఒకేసారి దెబ్బకొడతాయి. గోడ, కప్పు, నేల అన్నీ ఒకేసారి కూలిపోతాయి. దానికి తప్పించుకునే దారి దొరకదు. ట్రైక్లోసాన్ కూడా ఇలాంటిదేనని చాలాకాలం అనుకున్నారు. 1998లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ లెవీ బృందం అది అలా కాదని చూపింది. కొద్ది మోతాదులో అది క్రిమి తన కొవ్వు పొరను అల్లుకోవడానికి వాడే ఒకే ఒక పనిముట్టును పట్టి ఆపుతుంది. అంటే యాంటీబయాటిక్ మందు పనిచేసే తీరులోనే పనిచేస్తుంది. ఒకే తాళానికి ఒకే చెవి అయినప్పుడు క్రిమి ఆ తాళాన్ని కాస్త మార్చుకుంటే చాలు, చెవి పట్టదు. అలా మార్చుకున్న క్రిములను వారు ప్రయోగశాలలో చూశారు. క్షయకు మనం వాడే ఐసోనియాజిడ్ మందు పట్టుకునే పనిముట్టు కూడా ఇదే కుటుంబానికి చెందినది. అందుకే వైద్యులకు ఆందోళన కలిగింది.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. ప్రయోగశాలలో కనిపించిన ఈ మార్పు, మందు సబ్బులు వాడే ఇళ్ళలో అంత స్పష్టంగా కనిపించలేదు. కాబట్టి ఈ సబ్బు వాడిన ప్రతి ఇంటా మందులకు లొంగని క్రిములు పుడతాయని మేము భయపెట్టదలచలేదు. మేము అడిగేది ఒక్కటే. లాభం ఏమీ లేనిచోట ఆ కొద్దిపాటి ప్రమాదమైనా ఎందుకు కొనుక్కోవాలి?

మనకు ఇది పుస్తకాలలో విషయం కాదు. పొదుగువాపు వచ్చిన గేదెకు ట్యూబు ఎక్కించి, మూడు రోజులకు తగ్గకపోతే మరొక మందు, దానికీ తగ్గకపోతే ఇంకొకటి మార్చిన అనుభవం ఇక్కడ చాలామందికి ఉన్నది. ఒక చన్ను ఎండిపోయిన గేదెను సంతకు తోలుకొని పోతే ఏ ధర వస్తుందో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ పరిస్థితికి పెద్ద కారణం సబ్బు కాదు. వైద్యుని అడగకుండా మందుల దుకాణంలో కొన్న ట్యూబులు, సగంలో ఆపివేసిన వైద్యమూ కారణం. కాని మందుకు విలువ ఉండాలంటే దానిని అవసరమైన చోటే వాడాలి. ప్రతి పూటా, ప్రతి చేతికీ, ప్రతి బకెట్టుకూ మందు పూస్తూ పోవడం ఆ విలువను పాడుచేసే దారిలోనిదే.

కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది కూడా చూడవలసినదే. 2011లో ప్రచురించిన ఒక పరిశీలనలో తమిళనాడులోని కావేరి, వెల్లార్, తామ్రపర్ణి నదుల నీటిలో ట్రైక్లోసాన్ కనిపించింది. అమెరికాలో 2003, 2004 సంవత్సరాలలో సేకరించిన మూత్రపు నమూనాలలో ప్రతి నాలుగింటిలో మూడింట అది ఉన్నది. చర్మం ద్వారా, నోటి ద్వారా అది లోపలికి పోతున్నదన్నమాట. ఎలుకలలో అది థైరాయిడ్ హార్మోనును తగ్గించింది. మనుషులలో ఎంత కీడు చేస్తుందన్నది ఇంకా పరిశీలనలోనే ఉన్నది.

క్రిమిసంహారక సబ్బు విషయంలో ప్రపంచం ముందొకసారి దెబ్బతిన్నది కూడా. ట్రైక్లోసాన్ కంటే ముందు హెక్సాక్లోరోఫిన్ అనే మందును సబ్బులలో, పౌడర్లలో విరివిగా కలిపేవారు. పసిపిల్లలకు కూడా వాడేవారు. 1972లో ఫ్రాన్సులో ఒక పిల్లల పౌడరులో అది పొరపాటున 6 శాతం కలిసింది. 36 మంది పసిపిల్లలు చనిపోయారు. అదే సంవత్సరం అమెరికాలో దానిని వైద్యుని చీటీ లేకుండా అమ్మడాన్ని కట్టడి చేశారు. ఇప్పటి సబ్బులు అంత ప్రమాదకరమైనవని మా ఉద్దేశం కాదు. క్రిములను చంపే వస్తువు మనకు చల్లని తల్లి అని ముందే తీర్మానించుకోరాదని మాత్రం చెబుతున్నాము.

ఇప్పుడు మన పాలలోకి వద్దాము. అసలు సంగతి ఇక్కడే ఉన్నది.

పాలు, పెరుగు, వెన్న, మజ్జిగ ఇవన్నీ క్రిములతో మనకున్న స్నేహం మీద నడిచే వస్తువులు. తోడు వేయడమంటే మంచి క్రిములను పాలలోకి ఆహ్వానించడమే. పాలలో క్రిమిసంహారక మందు కొద్దిగా మిగిలినా మొదట దెబ్బతినేవి అవే. పెరుగు తోడుకోదు, లేక నీళ్ళు నీళ్ళుగా సాగుతుంది. పెరుగు తయారుచేసే డెయిరీలో ఒక పెద్ద తొట్టెడు పాలకు తోడు పనిచేయకపోతే ఎన్ని సంఘాల కష్టం పోతుందో ఆలోచించండి. బెంజాల్కోనియం వంటి మందులు ఈ విషయంలో మరీ చెడ్డవి. యూరపు దేశాలవారు 2014లో ఆహార పదార్థాలలో దీనికి కిలోకు 0.1 మిల్లీగ్రాము అనే హద్దు పెట్టారు. దీనితో మరొక చిక్కు కూడా ఉన్నది. ఈ మందుకు, మామూలు సబ్బుకు పడదు. సబ్బు నురగ పూర్తిగా పోకముందే ఈ మందు పోస్తే రెండూ ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. సబ్బూ పనిచేయదు, మందూ పనిచేయదు. రెండింతలు ఖర్చు పెట్టి ఉత్త నీళ్ళతో కడిగినట్లే.

వాసన సంగతి మొదటే చెప్పాము. పాలు వాసనను ఇట్టే పట్టుకుంటాయి. ఫినాయిలు చల్లిన కొట్టంలో మూత లేని బకెట్టు ఉంచితే సాయంత్రానికి కాఫీలో తెలుస్తుంది. ఫినాయిలు జాతి మందులు, బ్లీచింగ్ నీళ్ళు ఒకేచోట కలిస్తే ఇంకా ఘాటైన వాసన పుడుతుంది, అది అతికొద్ది మోతాదులోనే నాలుకకు తెలుస్తుంది. కొట్టం కడగడానికి ఫినాయిలు వాడండి, కాదనము. పాలు పితికే వేళకు గంట ముందో, పితికిన తరువాతో వాడండి. పాలపాత్రలకు మాత్రం దానిని చూపించవద్దు.

పాల పరీక్షకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మిథిలీన్ బ్లూ పరీక్షలో నీలిరంగు ఎంత ఆలస్యంగా పోతే పాలు అంత మంచివని లెక్క. పాలలో క్రిములు రంగును విరిచివేస్తాయి గనుక. క్రిమిసంహారకం కలిసిన పాలలో క్రిములు మందకొడిగా ఉంటాయి, రంగు చాలాసేపు నిలుస్తుంది. చెడ్డ పాలు మంచి పాలుగా కనిపిస్తాయి. కనుక రంగు మరీ ఎక్కువసేపు నిలిచినప్పుడు సంతోషించి ఊరుకోకుండా, ఆ పాలలో కొంచెం తోడు వేసి చూడండి. ఇంటి తోడుకు మించిన చౌక పరీక్ష లేదు.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2011లో దేశమంతటా 1,791 పాల నమూనాలు పరీక్షించినప్పుడు కొన్నింటిలో డిటర్జెంటు కనిపించింది. వెంటనే పత్రికలలో కల్తీ అని గగ్గోలు వచ్చింది. కల్తీ చేసేవారు లేరనము. కాని పాత్రలు సరిగా తొలవకపోవడం వల్ల కూడా డిటర్జెంటు చేరవచ్చునని అప్పుడే చెప్పారు. తరువాత 2018లో 6,432 నమూనాలు తీసిన జాతీయ సర్వేలో కల్తీ కేవలం 12 నమూనాలలో తేలింది. యాంటీబయాటిక్ అవశేషాలు హద్దు మించినవి మాత్రం 77 ఉన్నాయి. అంటే కావాలని కలిపినదాని కంటే, తెలియక చేర్చినది ఎక్కువగా బయటపడుతున్నది. ఇది మన చేతిలో ఉన్న విషయం. మందు వేసిన పశువు పాలు, మందు చీటీ మీద రాసిన గడువు తీరేదాకా సంఘానికి పోయవద్దని ప్రతి సమావేశంలోను చెబుతున్నాము, ఇక్కడా చెబుతున్నాము.

ఇక చేయవలసిన పనులు. ముందు చేతులు. గోళ్ళు తీసివేయండి. గాజులు, ఉంగరాలు పైకి జరిపి, మోచేతి దాకా తడిపి, ఏ మామూలు సబ్బుతోనైనా ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దండి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొటనవేలి మొదలు మరిచిపోయే చోట్లు. నీళ్ళు ధారగా పోసుకొని కడగండి. ఒకే చెంబులో చేతులు ముంచి కడగడం వల్ల ఫలితం లేదు. శుభ్రమైన పొడి గుడ్డతో తుడుచుకోండి. తడి చేతులతో పితకవద్దు, పాలలో చేతులు ముంచి తడిచేసుకొని పితికే అలవాటును మరీ వదలాలి. మేము చూసినంతలో చాలా ఇళ్ళలో నీళ్ళకు కరువు లేదు, సబ్బుకూ కరువు లేదు. పొడి గుడ్డకే కరువు. పశువు మార్చినప్పుడల్లా మళ్ళీ కడుక్కోవాలి. పొదుగువాపు ఒక పశువు నుంచి మరొక పశువుకు ఎక్కువగా వెళ్ళేది పితికేవారి చేతుల మీదుగానే. అనుమానం ఉన్న పశువును చిట్టచివర పితకండి.

మందు సబ్బులు పదే పదే వాడితే చర్మం ఎండి పగులుతుందని కూడా చాలామంది చెబుతున్నారు. పగిలిన చేతిలో పొదుగువాపు తెచ్చే స్టెఫిలోకాకస్ క్రిమి ఇల్లు కట్టుకుంటుంది. అటువంటి చేతికి ఎన్ని మందులు పూసినా పగుళ్ళలోకి పోవు. రాత్రి పడుకోబోయే ముందు కొబ్బరినూనె రాయండి. అది పాతకాలపు వైద్యమే అయినా ఈ పనికి సరిపోతుంది.

పొదుగు సంగతి. మట్టి, పేడ అంటి ఉంటే మంచినీళ్ళతో కడిగి, ప్రతి పశువుకు విడిగా ఒక గుడ్డతో ఆరబెట్టినట్లు తుడవండి. కడిగి తుడవకుండా వదిలితే నీటి బొట్లు చన్నుల వెంట జారి బకెట్టులో పడతాయి. అటువంటి కడగడం కంటే కడగకపోవడమే నయమని కొందరు వైద్యులు నవ్వుతూ అంటుంటారు. మొదటి రెండు మూడు ధారలు నల్లని గుడ్డ మీద గాని, వేరే గిన్నెలో గాని తీసి గడ్డలున్నాయేమో చూడండి. నేల మీద పిండవద్దు.

ఇక్కడ ఒక సోదరుడు సరైన ప్రశ్న వేశాడు. క్రిమిసంహారకాలు వద్దంటున్నారు, మరి పితికిన తరువాత చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచమని పశువైద్యులు చెబుతున్నారు గదా, ఏది నమ్మాలి అని. రెండూ నమ్మవలసినవే. పితికిన తరువాత చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు, అరగంటకు పైగా తెరుచుకొని ఉంటుంది. ఆ సమయంలో కాపలా కావాలి. 0.5 శాతం అయోడిన్ ద్రావణం ఆ కాపలా. అది అన్ని వైపుల నుంచి దెబ్బకొట్టే రకమని ఇంతకు ముందే చెప్పాము. సబ్బులోని మందులాగా ఇరవై సెకన్లలో కొట్టుకొని పోదు, గంటల తరబడి చన్ను మీద నిలుస్తుంది. మళ్ళీ పితికే ముందు మాత్రం దానిని తుడిచివేయాలి. ముంచిన వెంటనే పశువు పడుకోకుండా మేత వేసి నిలబెట్టండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నవి తెలిసి వాడిన మందు మందు. గాయానికి, శస్త్రచికిత్సకు, ఈనినప్పుడు చేయి లోపల పెట్టవలసి వస్తే డాక్టరు వాడేదానికి కూడా ఇదే లెక్క.

పాత్రలకు, క్యాన్లకు వచ్చేసరికి వరుస ముఖ్యం. పాలు పోసిన వెంటనే చల్లని లేక గోరువెచ్చని నీళ్ళతో తొలవండి. మొదటే మరిగే నీళ్ళు పోస్తే పాలు ఉడికి లోపలి గోడకు పట్టుకుంటాయి, తరువాత పీచుకు కూడా రాదు. ఆ తరువాత వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి బ్రష్షుతో, మూత అంచులు, పిడి మొదలు, అడుగు మూలలు వదలకుండా తోమండి. ఉప్పు బోరు నీళ్ళున్న ఊళ్ళలో సబ్బు నురగ రాక తెల్లని తెట్టు కడుతుంది, అక్కడ సోడాయే మేలు. అల్యూమినియం క్యాన్లకు కాస్టిక్ సోడా వాడరాదు, అది లోహాన్ని తినివేస్తుంది. సోడా పోయేదాకా మంచినీళ్ళు, చివరకు మరిగే నీళ్ళు. ఆ పైన బోర్లించి, గాలి ఆడేటట్లు బల్ల మీద ఎండలో పెట్టండి. తడి గుడ్డతో లోపల తుడవవద్దు. ఎండకు ధర లేదు గనుక దానికి ప్రకటన లేదు. లేకపోతే దానినీ రంగుల సీసాలో పెట్టి అమ్మేవారు.

మరిగే నీళ్ళకు వీలు లేనప్పుడు బ్లీచింగ్ పౌడరు వాడవచ్చు. తాజా పౌడరు 7 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచాకు పైగా, 10 లీటర్ల నీటిలో కలిపి, తేరిన నీటితో తొలవండి. పాత్ర ముందుగా శుభ్రంగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. పాలజిడ్డు మీద పోస్తే దాని బలమంతా జిడ్డుకే సరిపోతుంది. తరువాత మంచినీళ్ళతో కడగాలి. మూత తీసి ఉంచిన పౌడరు కొద్ది వారాలలో సారం కోల్పోతుంది, కాబట్టి సంఘం చిన్న పొట్లాలుగా తెప్పించుకోవడం మంచిది.

బల్కు కూలర్లున్న సంఘాలకు ఒక ప్రత్యేకమైన మాట. చల్లని పాలలో పెరిగి కొవ్వును, మాంసకృత్తును పాడుచేసే క్రిములలో సూడోమోనాస్ జాతి ముఖ్యమైనది. ఈ జాతిలో అందరికీ తెలిసిన ఒక రకం మీద ట్రైక్లోసాన్ దాదాపు పనిచేయదు. అంటే మందు సబ్బు వాడి నిశ్చింతగా ఉన్నవారిని, ఆ మందును లెక్కచేయని క్రిమి వచ్చి దెబ్బతీయవచ్చు. కూలరు గొట్టాలు, రబ్బరు వాషర్లు, కవాటాలు విప్పి బ్రష్షుతో కడగడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

సబ్బుపొడికి మన పాడిలో మంచి ఉపయోగం ఒకటున్నది, చాలా సంఘాలలో తెలియదు. బట్టలు ఉతికే పొడి 15 గ్రాములు అర లీటరు నీటిలో కలపండి. నాలుగు చన్నుల పాలు నాలుగు కప్పులలో విడివిడిగా కొంచెం తీసి, అంతే ద్రావణం పోసి, కప్పును గుండ్రంగా తిప్పండి. మంచి పాలు పల్చగానే ఉంటాయి. జిగురుగా, తొర్రలు తొర్రలుగా చిక్కబడితే ఆ చన్నులో పైకి కనిపించని పొదుగువాపు మొదలైనదన్నమాట. గడ్డలు పడక ముందే తెలుస్తుంది, వైద్యుని పిలవడానికి వ్యవధి ఉంటుంది. పరీక్షించిన పాలు పారబోయండి, దూడకు కూడా పోయవద్దు. సంఘంలో నెలకొకసారి అందరి పశువులకు ఈ పరీక్ష చేసుకుంటే అయ్యే ఖర్చు ఒక సబ్బుపొడి పొట్లం మాత్రమే.

ఆఖరుగా కొనేటప్పటి విషయం. మన దేశపు ప్రమాణాల ప్రకారం స్నానపు సబ్బులలో కొవ్వు పదార్థం ఎంత ఉన్నదో టి.ఎఫ్.ఎం. అనే అక్షరాల పక్కన శాతంలో ముద్రిస్తారు. మొదటి తరగతి టాయిలెట్ సబ్బులో అది 76 శాతానికి తగ్గరాదు. బేతింగ్ బార్ అని రాసి ఉన్నవాటిలో 40 శాతం ఉన్నా చాలు. చర్మం పగలకుండా చూసుకోవలసిన పాడివారికి ఈ అంకె, క్రిములు ఎన్ని చస్తాయని ముందు వైపు ముద్రించిన అంకె కంటే ఎక్కువ పనికివస్తుంది. ఇంట్లో ఇప్పటికే కొన్న మందు సబ్బులుంటే పారవేయనక్కరలేదు. చేతులు కడుక్కోవడానికి వాడి బాగా నీళ్ళు పోసుకోండి, పొదుగుకు, పాత్రలకు తగలనివ్వకండి, అయిపోయాక మళ్ళీ కొనకండి. క్రిమిసంహారక ద్రవాల సీసాలను మాత్రం ఈ రోజే పాలగది నుంచి తీసివేసి, పిల్లలకు అందని వేరే అలమారులో పెట్టండి.